మొక్క మీది పురుగును చూస్తారు, మొక్కను ఎవరు చూస్తారు?

సంపాదకుల వారికి నమస్కారం.

విదేశాల నుంచి మొక్క వచ్చినా విత్తనం వచ్చినా రేవులోనో ఎయిర్‌పోర్టులోనో ఆపి పరీక్ష చేస్తారని చాలామందికి తెలుసు. ఆకు తిరగేసి పురుగు గుడ్లున్నాయేమో చూస్తారు, వేళ్లకు మట్టి అంటుకుందేమో చూస్తారు, బూజు, వైరస్, నులిపురుగు అన్నీ వెతుకుతారు. చేయాల్సిన పనే. కానీ ఆ మొక్క నిగనిగలాడుతూ, ఒక్క మచ్చ కూడా లేకుండా, ఎగుమతి చేసిన దేశం ఇచ్చిన సర్టిఫికెట్‌తో సహా దిగిందనుకోండి, ఇంక అడిగేదేముంది, పాస్ అయిపోతుంది. రేపు ఈ మొక్కే తెగులై కూర్చుంటుందా, పొలాలూ చెరువులూ అడవులూ పట్టేస్తుందా అని అడిగే పద్ధతి చాలా దేశాల్లో లేదు. జీవవైవిధ్యం మీద ప్రభుత్వాలన్నీ కలిసి పెట్టుకున్న ఐపీబీఈఎస్ సంస్థ 2023లో ఇచ్చిన నివేదిక చూస్తే, బయటి నుంచి వచ్చి పాతుకుపోయే జాతుల కోసం ప్రత్యేకంగా చట్టమో నిబంధనలో ఉన్న దేశాలు 17 శాతమే. కలుపుగా మారే మొక్కకు ఉండాల్సిన మొదటి లక్షణం ఏ రోగమూ లేకుండా బలంగా పెరగడమే కదా, మరి మనం పరీక్ష పెట్టి మరీ ఏరి లోపలికి పంపుతున్నది అలాంటివాటినే కదా!

కలుపంటే గాలికి కొట్టుకొచ్చి పడేది అనుకుంటాం. కొన్ని అలా దొంగదారినే వస్తాయి. మనం వయ్యారిభామ అని పిలిచే మొక్క ఆస్ట్రేలియాలోని క్లెర్మాంట్ ప్రాంతానికి టెక్సస్ నుంచి తెప్పించిన పశుగ్రాసం విత్తనాల్లో కలిసిపోయి వచ్చింది. కానీ ప్రపంచంలో పేరుమోసిన మొండి కలుపుల్లో చాలావాటిని మనుషులే ముచ్చటపడి, డబ్బు పెట్టి తెచ్చి, నీళ్లు పోసి పెంచారు. గుర్రపుడెక్కను ఊదారంగు పూల కోసం తెచ్చుకున్నారు. లాంటానాను తోటల అందం కోసం తెచ్చుకున్నారు. కుడ్జు తీగ 1876లో ఫిలడెల్ఫియా ప్రదర్శనలో అమెరికా వాళ్లకు నచ్చింది. 1930ల నుంచి, నేల కోతను ఆపుతుందని, అక్కడి ప్రభుత్వమే 8 కోట్లకు పైగా కుడ్జు నారు పంచింది, నాటిన రైతుకు ఎకరానికి 8 డాలర్ల దాకా చేతికిచ్చింది. 1953కల్లా అదే ప్రభుత్వం దాన్ని నాటదగ్గ మొక్కల జాబితాలోంచి తీసేసింది గానీ తీగ అప్పటికే కరెంటు స్తంభాలూ చెట్లూ ఎక్కేసింది. ఇక సర్కారు తుమ్మ సంగతి, దాని పేరులోనే సర్కారు ఉంది. కెన్యాలోని బరింగో ప్రాంతంలో 1980లలో వంటచెరకు కోసం, ఎడారి పెరగకుండా ఆపడం కోసం నాటిస్తే, తియ్యటి కాయలు తిని మేకల పళ్లు ఊడిపోతున్నాయని, మేత భూములు పోయాయని అక్కడి పశుపోషకులు 2006లో ప్రభుత్వం మీదే కోర్టుకెళ్లారు. ఇవన్నీ మంచి ఉద్దేశంతో చేసిన పనులే, అందుకే నాకు ఎక్కువ భయం.

నేనూ మొక్కల పిచ్చి ఉన్నదాన్నే, కొత్త మొక్క కనబడితే ఆగలేని మనిషిని, కాబట్టి దిగుమతులు ఆపేయమని ఈ ఉత్తరం రాయడం లేదు. లోపలికి రానిచ్చే ముందు ఆ మొక్క గురించి నాలుగు ప్రశ్నలు అడగండి, జవాబు చెప్పాల్సిన బాధ్యత తెచ్చేవాళ్ల మీద పెట్టండి అంటున్నాను, అంతే.

జపాన్ నాట్‌వీడ్ సంగతి చూడండి. వెదురులా కణుపులతో, ఎర్రటి చుక్కలతో ఉండే బోలు కాడ, వెడల్పాటి ఆకు, ఎండాకాలం చివర్లో తెల్లటి సన్న పూలు. చూస్తే ఎవరికైనా పెంచుకోవాలనిపిస్తుంది. 1847లో నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్‌లో ఆ ఏటి కొత్త అలంకరణ మొక్కల్లో మేటిదని దానికి బంగారు పతకం ఇచ్చారు, 1850లో లండన్ దగ్గర క్యూ అనే చోట ఉన్న బొటానికల్ తోటకు చేరింది, అక్కడి నుంచి నర్సరీలకు, ఇళ్లకు. బ్రిటన్‌లో ఉన్న ఆ మొక్కలన్నీ ఒకే ఆడ మొక్క తాలూకు పిలకలని తర్వాత తేలింది. అంటే జోడీ మగ మొక్క లేదు, కాబట్టి గింజతో పెద్దగా పని లేకుండానే దేశమంతా పాకింది. ఎలా? నేలలో దాని దుంపవేరు విరిస్తే లోపల క్యారెట్ రంగులో ఉంటుంది, అందులోంచి 0.7 గ్రాముల ముక్క, అంటే చిటికెనవేలి గోరంత, మట్టిలో పడితే చాలు మళ్లీ మొక్క లేస్తుంది. పెరికి పారేసిన చోటల్లా మొలిచింది, మట్టి తోలిన లారీలతో పాటు వెళ్లింది, వాగుల్లో కొట్టుకుపోయి ఒడ్డున పట్టుకుంది. 1981లో చట్టం చేసి, దాన్ని బయట నాటడమే నేరమన్నారు. అప్పటికి పతకం ఇచ్చి 134 ఏళ్లు. ఇప్పుడక్కడ ఇంటి పెరట్లో ఈ మొక్క ఉందంటే ఇల్లు అమ్మడం కష్టం, బ్యాంకు లోనుకు కూడా టెన్షనే.

గింజ కట్టదు కాబట్టి భయం లేదండీ అని దిగుమతి చేసేవాళ్లు చెప్పే మాట వింటే నాకు ఈ మొక్కే గుర్తొస్తుంది. దాంతో పాటు అమెరికాలోని బ్రాడ్‌ఫర్డ్ పియర్ కూడా. అది తూర్పు ఆసియా నుంచి వచ్చిన క్యాలరీ పియర్‌లోంచి ముళ్లు లేకుండా, ఒద్దికగా పెరిగేలా ఎంచిన రకం, 1963లో విడుదల చేశారు. తన పుప్పొడితో తనకు కాయ కట్టదు, కాబట్టి ఎక్కడికీ పోదనుకున్నారు. వీధుల వెంట, కాలనీల్లో లక్షల్లో నాటారు. తర్వాత గాలికి కొమ్మలు విరుగుతున్నాయని అదే జాతిలోంచి వేరే రకాలు తెచ్చి పక్కపక్కనే నాటారు. వేరే రకం పుప్పొడి దొరికేసరికి కాయలు కట్టాయి, పిట్టలు తిని గింజలు బీడు భూముల్లో వేశాయి, అక్కడ మొలిచిన పిల్ల చెట్లకు పూర్వీకుల ముళ్లు మళ్లీ వచ్చాయి, ట్రాక్టర్ టైర్లు పంక్చర్ చేసేంత ముళ్లు. ఒహాయో రాష్ట్రం 2023 నుంచి దాని అమ్మకాన్ని నిషేధించింది. రకాన్ని ఒంటరిగా పెట్టి చూసి మంచిదని తేల్చారు, దాని పక్కకు ఏమేం వస్తాయో ఆలోచించలేదు.

ప్రశ్నలడగడం అంటే నేను కొత్తగా కనిపెట్టి చెబుతున్నదేమీ లేదు. ఆస్ట్రేలియా 1997 నుంచి ఈ పని చేస్తోంది. కొత్త మొక్క ఏదైనా తెస్తామంటే దాని మీద 49 ప్రశ్నలు వేస్తారు. ఇది పుట్టిన చోటి వాతావరణం మన దగ్గరి వాతావరణానికి దగ్గరగా ఉందా, ఇంకెక్కడైనా కలుపైందా, ముళ్లున్నాయా, పశువులు తింటే విషమా, మిగతా చెట్ల మీదికి ఎగబాకే తీగా, నీళ్లలో పెరిగేదా, ఎండితే మంటకు ఆజ్యం పోసే రకమా, మొలిచిన ఎన్నాళ్లకు గింజ కడుతుంది, గింజలు గాలికి పోతాయా, నీటికి పోతాయా, పిట్టలు మోస్తాయా, మనిషి బట్టలకో యంత్రాలకో అంటుకుని పోతాయా, నేలలో పడ్డ గింజ ఏడాది దాటి బతుకుతుందా, నరికినా తగలబెట్టినా దున్నినా మళ్లీ లేస్తుందా, మందు కొడితే చస్తుందా, ఇక్కడ దాన్ని తినే పురుగేదైనా ఉందా. చదువుతుంటే ఇవి ఏ రైతుని అడిగినా చెప్పగల ప్రశ్నలే అనిపిస్తుంది, ఆ మాట నిజం కూడా. ప్రతి జవాబుకూ మార్కులున్నాయి. మొత్తం ఒకటి కన్నా తక్కువ వస్తే రానిస్తారు, 6 దాటితే వద్దంటారు, మధ్యలో ఉంటే ఇంకా పరిశీలించాలంటారు. కనీసం 10 ప్రశ్నలకైనా జవాబు లేకపోతే అసలు లెక్కే కట్టరు. నాకు ఇందులో బాగా నచ్చింది ఆ చివరి మాట. ఈ మొక్క గురించి ఎవరికీ ఏమీ తెలీదు అంటే దాన్ని మంచి మార్కుగా తీసుకోరన్నమాట.

ఆ ప్రశ్నల్లో బాగా పనికొచ్చేది, ఇంకెక్కడైనా కలుపైందా అన్నది. 1847లో నాట్‌వీడ్ మీద ఈ ప్రశ్న వేస్తే జవాబు దొరికేది కాదు, పతకం ఇచ్చినవాళ్లను నేను తప్పుపట్టను. ఇప్పుడు ఆ సాకు లేదు. తాహితీ దీవిలో 1937లో మికోనియా అనే మొక్కను ఒక ప్రైవేటు తోటలో అందం కోసం నాటారు, మూడడుగుల దాకా పెరిగే ఆకు, పైన ముదురు ఆకుపచ్చ, అడుగున ఊదా రంగు. ఆ దీవిలో మూడింట రెండొంతులు ఇప్పుడు దాని కిందే ఉంది, దాని నీడలో ఇంకేదీ మొలవదు. ఏ దేశంలో ఏ మొక్క ఎలా ప్రవర్తించిందో కంప్యూటర్ ముందు కూర్చుని ఒక పూటలో వెతికి తీయొచ్చు, అయినా ఆ పూట ఎవరూ కేటాయించడం లేదు.

వ్యాపారుల వాదన కూడా చెప్పాలి, అది తీసిపారేసేది కాదు. వాళ్లనేది ఏమిటంటే, తెచ్చిన మొక్కల్లో కలుపయ్యేవి చాలా తక్కువ, ఈ లెక్కలతో మంచివాటిని కూడా ఆపేస్తారు అని. నిజమే, ఆపుతారు. ఆస్ట్రేలియా పద్ధతిని తయారుచేసినవాళ్లు 370 మొక్కల మీద పరీక్షించి 1999లో ప్రచురించారు. తీవ్రమైన కలుపు ఒక్కటి కూడా దాటుకుని రాలేదు, ఆగిపోవడమో, ఇంకా పరిశీలించాలన్న జాబితాలో పడడమో జరిగింది, కలుపు కానివాటిలో తప్పుగా వద్దన్నవి 7 శాతం. ఇప్పుడు లెక్క చూడండి. వంద కొత్త మొక్కలొచ్చాయి, అందులో నిజంగా కలుపయ్యేవి రెండే అనుకుందాం. ఆ రెండూ దొరికాయి, మిగతా 98లో ఏడు అన్యాయంగా ఆగాయి. తప్పుబడే పాళ్లు ఇంకా ఎక్కువుంటే పది, ఇరవై కూడా ఆగొచ్చు. ఆగిన మొక్కల్లో ఎక్కువ భాగం అమాయకమైనవే అన్నమాట. ఈ విషయం దాచి, పద్ధతి నూటికి నూరు సరిగ్గా ఉంటుందని చెప్పడం నాకిష్టం లేదు.

కానీ రెండు తప్పులూ సమానమైనవేనా? మంచి మొక్కను ఆపితే ఒక నర్సరీ వాళ్లకు ఒక సరుకు తగ్గుతుంది, తోటవాళ్లకు ఒక పువ్వు తగ్గుతుంది, ఆధారాలు తెచ్చి మళ్లీ అడిగే దారి వాళ్లకెప్పుడూ ఉంటుంది. కలుపును రానిస్తే వెనక్కి పంపే దారి లేదు. ఆస్ట్రేలియాలో నాగజెముడు 1920ల నాటికి సుమారు 2.4 కోట్ల హెక్టార్లు కమ్మేసింది, జనం పొలాలు వదిలేసి పోయారు. అర్జెంటీనా నుంచి ఒక చిమ్మట పురుగును తెచ్చి వదిలితే దాని గొంగళ్లు కాడలు తొలిచి తినేశాయి, అది గొప్ప విజయమని ఇప్పటికీ చెప్పుకుంటారు, విజయమే. ప్రతి కలుపుకూ అలాంటి పురుగు దొరకదు. పైగా అదే పురుగు ఇంకో దారిన కరీబియన్ దీవులకు, 1989కల్లా ఫ్లోరిడాకు చేరి అక్కడ సొంత జెముడు మొక్కలను తినడం మొదలుపెట్టింది. విరుగుడుకు కూడా ఒక ఖర్చుంటుంది. మొదట్లోనే ఆపడం వల్ల మిగిలేది ఎంతో 2007లో కొందరు పరిశోధకులు ఆస్ట్రేలియాకు లెక్కగట్టారు. పొరపాటున ఆపిన మంచి మొక్కల వల్ల పోయే వ్యాపారాన్ని తీసేసి చూసినా, 50 ఏళ్లలో 167 కోట్ల అమెరికన్ డాలర్లు మిగులుతాయని తేలింది. వ్యాపారులు అడిగే ప్రశ్నకు వ్యాపార భాషలోనే ఇంతకన్నా మంచి జవాబు నాకు తెలీదు.

ఇంకో వాదన నేను చాలాసార్లు విన్నాను. ఈ మొక్క పదేళ్లుగా మా తోటలో ఉందండీ, గోడ దాటి పోలేదు అంటారు. జర్మనీలోని బ్రాండెన్‌బర్గ్ ప్రాంతానికి బయటి నుంచి తెచ్చిన చెట్లూ పొదల లెక్క ఒకాయన తీశారు, తెచ్చి నాటిన నాటి నుంచి అవి వాటంతటవే బయట వ్యాపించడం మొదలుపెట్టే దాకా సగటున 147 ఏళ్లు పట్టిందని 1995లో రాశారు. తాత నాటింది మునిమనవడి కొడుకు కాలంలో కదులుతుంది. కాబట్టి పదేళ్ల అనుభవం ఏ లెక్కలోకీ రాదు, చెట్ల విషయంలో మరీను.

పేర్ల గొడవ ఒకటుంది. జాబితాలో మొక్క పూర్తి శాస్త్రీయ నామం లేకుండా ప్రజాతి (దగ్గరి జాతులన్నీ కలిసిన గుంపు) పేరు మాత్రం రాసి వదిలేస్తే, ఆ ఇంటిపేరుతో ఉన్న అన్నదమ్ములందరూ లోపలికొస్తారు. ఆస్ట్రేలియా అనుమతి జాబితాలోనే పూర్వం ఇలాంటి కంతలుండేవి, తర్వాత కూర్చుని ఒక్కొక్కటీ జాతి పేర్లతో పూడ్చుకున్నారు. అసలు జాబితా ఎలా ఉండాలన్నది కూడా పెద్ద తేడా. ఐరోపా సమాఖ్య 2016లో వద్దన్న జాతుల జాబితా వేసింది, మొదట 37 పేర్లు, మొక్కలూ జంతువులూ కలిపి. అంటే పేరు ఎక్కే దాకా ఏదైనా రావచ్చు. ఆస్ట్రేలియాలో తిరగేసి ఉంటుంది, జాబితాలో ఉన్నదే రావచ్చు, లేనిది అడిగి రావాలి. అమెరికా 2011లో మధ్యేమార్గంగా, అనుమానమున్న మొక్కలను పరిశీలన పూర్తయ్యే దాకా పక్కన పెట్టే జాబితా ఒకటి మొదలుపెట్టింది. ఇందులో నా ఓటు ఆస్ట్రేలియా పద్ధతికే. ఇంటికి కొత్త మనిషి వస్తే ఎవరు మీరు అని గుమ్మం దగ్గరే అడుగుతాం గానీ, వంటింట్లోకి వచ్చాక అడగం కదా.

ఇలా అడ్డుకుంటే ప్రపంచ వాణిజ్య సంస్థ ఊరుకోదని భయపెట్టేవాళ్లున్నారు. 1995 నుంచి అమల్లో ఉన్న ఆ సంస్థ ఒప్పందం చెప్పేది శాస్త్రీయ ఆధారం చూపించి ఆపండి అనే. మొక్కల ఆరోగ్యంపై అంతర్జాతీయ ఒప్పందం కింద ఉన్న ప్రమాణాల్లో మొక్కనే తెగులుగా భావించి ప్రమాదం లెక్కగట్టే విధానం 2013లో ప్రత్యేకంగా చేర్చారు. కాబట్టి మార్కులేసి, కారణం రాసి ఆపితే ఎవరూ ఏమీ అనలేరు. ఏ లెక్కా లేకుండా ఒక అధికారికి తోచినట్టు ఆపితేనే గొడవ, అలాంటి చోట పైరవీలకూ దారి ఉంటుంది. అందుకే మార్కుల కాగితం బయటపెట్టాలని అడుగుతున్నాను. ఏ మొక్కకు ఎవరు దరఖాస్తు పెట్టారు, ఏ ప్రశ్నకు ఏ జవాబు రాశారు, మొత్తం ఎంత వచ్చింది అన్నది ఎవరైనా చూసేలా నెట్‌లో పెట్టాలి. ఆ మార్కులేసే చేయి దిగుమతులు పెంచాల్సిన శాఖది కాకూడదు.

చివరిగా నా సొంత సంగతి. నాలుగేళ్ల కింద ఆన్‌లైన్‌లో ఒక పూల తీగ ఫొటో చూసి విత్తనాలు ఆర్డర్ పెట్టాను. వేరే దేశం నుంచి వస్తుందని బుక్ చేసేటప్పుడు నాకు తెలీదు. మూడు వారాలకు పల్చటి కవరు వచ్చింది, పైన బహుమతి అని రాసి ఉంది, లోపల జిప్ కవర్లో నల్లటి గింజలు పాతిక దాకా, పేరు లేదు, కాగితం లేదు. ఎక్కడా ఎవరూ ఆపలేదు, తెరిచి చూసిన గుర్తు కూడా లేదు. 2020లో అమెరికాలో వేలమందికి అడగకుండానే ఇలాంటి విత్తనాల పొట్లాలు పోస్టులో వచ్చాయి, నాటకండి, పారేయకండి, మాకు పంపండి అని అక్కడి వ్యవసాయ శాఖ ప్రకటనలిచ్చింది. ఆ ప్రకటన చదివినదాన్ని కాబట్టి నేను నాటలేదు. అమ్మినవాళ్లకు రాస్తే జవాబు లేదు, రెండు ఆఫీసులకు ఫోన్ చేస్తే మా పరిధి కాదన్నారు. 49 ప్రశ్నలు ఓడరేవులో వేసి పోస్టాఫీసును వదిలేస్తే ఏం లాభం?

ఆ గింజలు ఇప్పటికీ మూత బిగించిన సీసాలో నా దగ్గరే ఉన్నాయి. ఇలాంటివి ఎవరికి అప్పగించాలో మీకు తెలిస్తే దయచేసి ఆ చిరునామా, ఫోన్ నంబరు మీ పత్రికలో వేయండి. నాలాంటివాళ్లు ఇంకా చాలామంది ఉండి ఉంటారు.

ఇట్లు,
ఒక పాఠకురాలు